ఫాలో అప్‌లో ఉంది

కమిషనర్ ప్రభంజన్ గారు రాజధానిలో వారం రోజుల శిక్షణకు వెళ్లి, వచ్చేటప్పుడు రేవుపాలెం పురపాలక సంఘానికి రెండు ఇంగ్లీషు మాటలు పట్టుకొచ్చారు. అంతకుముందు శిక్షణకు వెళ్లిన కమిషనర్లు ఒక సంచీ, ఒక పెన్ను, ఒక జలుబు తెచ్చుకునేవారు. వాటివల్ల ఊరికి ఏ నష్టమూ జరగలేదు. ఈ రెండు మాటలు మాత్రం వస్తూనే ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నాయి. ఆ మాటలు ‘ఫాలో అప్’.

ఆ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం చూసేది సీనియర్ అసిస్టెంటు దమయంతి. ఆవిడకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎవరైనా వచ్చి ఫలానా వీధిలో పైపు పగిలిందనగానే పక్కనున్న కిటికీలోంచి తల బయటపెట్టి “లోవరాజూ” అని కేకేసేది. చెట్టుకింద బీడీ కాలుస్తున్న ఫిట్టర్ లోవరాజు, బీడీ నలిపి చెవి మీద పెట్టుకుని, సైకిలెక్కి వెళ్లి పైపు బాగుచేసి వచ్చేవాడు. కాగితం తరవాత తీరుబడిగా రాసుకునేవారు. ఇంత అనాగరికమైన పద్ధతిలో ఆ ఊరు ఏళ్ల తరబడి నీళ్లు తాగిందంటే ఇప్పుడు ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

మొదటి సమావేశంలోనే కమిషనర్ గారు సూటిగా అడిగారు, మన సంఘంలో ఫాలో అప్ ఎంత జరుగుతోందని. అందరూ బల్లకేసి చూశారు. ఏఈ పాండురంగం మాత్రం, పై అధికారి అడిగినదానికి లేదని చెప్పడం అలవాటులేని మనిషి గనక, “తగినంత జరుగుతోంది సార్” అన్నాడు.

“తగినంత వెయ్యడానికి అదేమన్నా ఉప్పటయ్యా? ఉత్త ఫాలో అయితే గొర్రెలు కూడా చేస్తాయి. వెనకాల ఆ ‘అప్’ ఉంది చూశారూ, పరిపాలనంతా అందులో ఉంది,” అన్నారు కమిషనర్ గారు.

ఆ ‘అప్’లో ఏముందో చెప్పడానికి హైదరాబాదు నుంచి కోటు వేసుకున్న నిపుణుడొకాయన్ని పిలిపించారు. ఆయన గోడ మీద బొమ్మలు వేసి ఆ క్రియకున్న అర్థాలన్నీ ఓపిగ్గా విడమరిచాడు. ఒక పని ఏమైందని అడగడం ఫాలో అప్. అడిగామని ఉత్తరం రాయడం ఫాలో అప్. ఉత్తరం అందిందా అని ఫోన్ చేయడం కూడా అదే. మందులిచ్చిన డాక్టరు మళ్లీ ఓసారి కనబడమంటాడే, అదీ ఫాలో అప్. పెళ్లిచూపులు చూసి వెళ్లినవాళ్లు కబురు చేయకపోతే మధ్యవర్తిని పంపి కూపీ లాగుతామే, అదీ. మనకు తెలియకుండానే మనమంతా పుట్టినప్పటి నుంచీ ఫాలో అప్‌లో బతుకుతున్నామని ఆయన అనేసరికి, వెనక వరసలో రెవిన్యూ వాళ్లకు కళ్లు చెమర్చాయి. నిద్ర వల్ల కావచ్చు.

దమయంతి లేచి నిలబడి, పని చేసేయడం వీటిలో ఏ అర్థం కిందికొస్తుందండీ అని అడిగింది. వెటకారానికి కాదు, రాసుకోవడానికే అడిగింది. నిపుణుడు తన బొమ్మలన్నీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

“అది ఈ పదం పరిధిలోకి రాదు మేడమ్. అది వేరే క్రియ,” అన్నాడు.

కార్యాలయ వ్యవహారాలన్నీ తెలుగులో జరగాలన్న ఉత్తర్వు ఒకటి ఉంది కాబట్టి దీనికి తెలుగు మాట వెతకడానికి ఉపసంఘం వేశారు. ‘వెంటాడుట’ అంటే పోలీసుల పని అన్నారు. ‘వెన్నంటుట’ అంటే దయ్యాల పని అన్నారు. ‘అనుధావనము’ బాగుంది గానీ పలికేటప్పుడు ఏఈ పాండురంగం కట్టుడు పళ్లు కదిలాయి. హైస్కూల్లో పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు ‘పని చేయించడం’ అంటే సరిపోతుంది కదా అన్నారు. ఆయనకు శాలువా కప్పి, ఆటో ఎక్కించి పంపించేశారు. చివరికి ఈ భావాన్ని మోసే శక్తి తెలుగుకు లేదని తీర్మానించి, మాటను మాటగానే ఉంచేశారు.

అక్కడితో ఆగితే గొడవ లేదు. రాష్ట్రంలో పురపాలక సంఘాలన్నిటికీ నెలనెలా ర్యాంకులు మొదలయ్యాయి. ఒక్కో ఫిర్యాదుకు ఎన్నిసార్లు ఫాలో అప్ జరిగిందన్నదే కొలత. మొదటి నెల రేవుపాలెం అట్టడుగున నిలబడింది. కారణం వెతికితే తేలిందేమిటంటే, దమయంతి కేక వేయగానే లోవరాజు వెళ్లిపోతున్నాడు, వెళ్లగానే పని అయిపోతోంది, అయిపోయినదాన్ని ఫాలో అప్ చేయడానికి వీల్లేదు. అంటే ఊళ్లో ఎన్ని పైపులు బాగయితే సంఘానికి అన్ని సున్నాలు. కమిషనర్ గారు ఆ రోజే దమయంతి కిటికీకి మేకులు కొట్టించారు.

లోవరాజు ఆ మేకుల సంగతి తెలియక, ఆ రోజే ఫిర్యాదొచ్చిన లీకొకటి దారిలో కనబడితే తనంతట తనే కట్టేశాడు. మర్నాడు వాడికి తాఖీదు వచ్చింది. చదివి పెట్టమని దమయంతి దగ్గరికి తెచ్చాడు.

“ఫిర్యాదు అందిన దినముననే సదరు లీకును అరికట్టి, దానిపై ఫాలో అప్ జరుపుటకు గల అవకాశమును పురపాలక సంఘమునకు దక్కకుండా చేసినందున, తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను,” అని ఆవిడ చదివింది.

“అంటే ఏంటండి మేడంగారూ, నీళ్లట్టా కారిపోతుంటే సూత్తా ఊరుకోమంటారా?”

“ఊరుకోకూడదట లోవరాజూ. చూస్తున్నామని ఫోన్ చేసి చెప్పాలట.”

వాడు సంజాయిషీలో ఇకమీదట అటువంటి తప్పు చేయనని వేలిముద్ర వేశాడు. వాడి పానాలూ రెంచీలూ స్టోరుగదిలో పెట్టి తాళం వేశారు. వాడి చెవులకు తొడుగులు తగిలించి, మూతి ముందుకు చిన్న గొట్టం వంచి, కొత్తగా పెట్టిన ఫాలో అప్ విభాగంలో కూర్చోబెట్టారు. పారిశుద్ధ్యం మేస్త్రీలనూ వీధిదీపాల వాళ్లనూ తీసుకొచ్చి వాడి పక్కనే కూర్చోబెట్టారు. విభాగానికి దమయంతే అధిపతి. ఫోన్లో ఏం చెప్పాలో రాసిచ్చింది కూడా ఆవిడే. ‘నమస్కారమండీ, మీ ఫిర్యాదును మేము మరచిపోలేదు. అది ఫాలో అప్‌లో ఉంది. మీ సమస్య ఇంకా ఉన్నదని ధ్రువీకరించగలరు.’

మొదట్లో జనం మురిసిపోయారు. ప్రభుత్వం తనంతట తాను ఫోన్ చేసి యోగక్షేమాలు అడగడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. ఇంటికొచ్చిన చుట్టాలకు ఫోన్ చూపించి గొప్పలు చెప్పుకున్నారు. మాట కూడా ఊరికి బాగా అంటుకుంది. టీ ఇంకా రాలేదేమని అడిగితే కొట్టువాడు ఫాలో అప్‌లో ఉందండి అనేవాడు. ఏఈ గారెక్కడని అడిగితే బంట్రోతు అదే మాట. జాకెట్టు కుట్టలేదేమని నిలదీస్తే దర్జీ కూడా అంతే, పైగా అన్నాక సగర్వంగా తలెత్తి చూసేవాడు. బతకనేర్చిన వాళ్లందరికీ ఆ రెండు మాటలూ గొడుగులా ఉపయోగపడ్డాయి. వానలో తడిసింది మాత్రం పని చేయించుకోవాల్సిన వాళ్లే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పూసలవారి వీధిలో కొళాయిల్లోంచి మురుగునీళ్లు రావడం మొదలైంది. దమయంతి ఇల్లు ఆ వీధిలోనే. ఫిర్యాదు ఇచ్చింది ఆవిడ భర్త జోగారావు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగా సొంత మావగారు బస్సెక్కితే ఆయనకూ టికెట్టు కొట్టి, లగేజీకి వేరే కొట్టిన మనిషి. ఆయన నోట అబద్ధం రాదు, వరస తప్పి పని జరిగితే సహించడు. లోవరాజును రహస్యంగా పిలిపిస్తానని దమయంతి అంటే ఒప్పుకోలేదు.

“నువ్వా ఆఫీసులో ఉన్నావని మన వీధి ముందు బాగుచేయించుకుంటామా? సిగ్గుండొద్దూ. అందరితోపాటే వరసలో రానీ,” అన్నాడు.

వరస రాలేదు గానీ ఫోన్లు వచ్చాయి. ఆఫీసు నుంచి భార్యే ఇంటికి ఫోన్ చేసి, తను రాసిన వాక్యాలు తనే చదివి, మీ సమస్య ఇంకా ఉన్నదని ధ్రువీకరించగలరని భర్తను అడగాల్సి వచ్చేది. ఆయన అంత మర్యాదగానూ ఉందండీ అనేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ సంగతి ఇద్దరూ ఎత్తుకునేవారు కాదు. వీధిలో ఓపికున్నవాళ్లు డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారు. జోగారావు అదీ చేయలేదు. కొళాయి నీళ్లు బాగాలేవని ఫిర్యాదు ఇచ్చి డబ్బా నీళ్లు తాగితే ఆ ఫిర్యాదుకు విలువేముందని ఆయన వాదన. గుడ్డకట్టి వడపోసుకుని తాగేవాడు. దమయంతికి మాత్రం దబాయించి డబ్బా నీళ్లే తెప్పించి పెట్టేవాడు, ఆఫీసుకెళ్లే మనిషివని.

ఆ ఫిర్యాదు పెరిగి పెద్దదైంది. రాష్ట్రంలో ఇన్నిసార్లు ఫాలో అప్ జరిగిన ఫిర్యాదు మరొకటి లేదని పైనుంచి అభినందన వచ్చింది. రేవుపాలెం అట్టడుగు నుంచి మొదటి స్థానానికి ఎగబాకింది. కమిషనర్ గారు దానికి ‘సజీవ ఫిర్యాదు’ అని పేరు పెట్టి, ఆఫీసు గుమ్మం మీద బ్యానర్ కట్టించారు. ఆ బ్యానర్ మీద జోగారావు ఫొటో వేశారు. అది కట్టిన వారానికే ఆయన కళ్లు పచ్చబడ్డాయి.

ఆయన ఒక్కడే కాదు, వీధిలో చాలామందికి కామెర్లు వచ్చాయి. వాళ్లంతా ఫిర్యాదులిస్తే అవీ ఫాలో అప్‌లో చేరాయి. జోగారావును ఆస్పత్రిలో పెట్టారు. కమిషనర్ గారు చేతిలో కొబ్బరిబోండాలతో, వెనక ఫొటోగ్రాఫరుతో పరామర్శకు వచ్చారు. మంచం పక్కన కూర్చుని, మీ ఫిర్యాదు మన సంఘానికే తలమానికం అన్నారు. గురువారం రాష్ట్రం నుంచి పరిశీలక బృందం పురస్కారం ఇవ్వడానికి వస్తోందన్నారు. చివరికి దమయంతి వైపు తిరిగారు.

“ఆయన ఆరోగ్యం ఎంత ముఖ్యమో ఆ ఫిర్యాదు ఆరోగ్యం కూడా అంత ముఖ్యమమ్మా. దయచేసి రెండిటినీ జాగ్రత్తగా చూసుకోండి.”

దమయంతికి ఒళ్లు మండిపోయింది. తన మీదే మండింది. ఆ పచ్చటి కళ్ల మనిషికి రోజూ ఫోన్ చేసి ధ్రువీకరించగలరని అడిగిన గొంతు తనదే. ఆ సాయంత్రమే లోవరాజు ఇంటికెళ్లి, ఉద్యోగం పోతే పోయింది, రేపు ఆదివారం, వచ్చి ఆ పైపు సంగతి చూడమంది. వాడు చెవి మీద బీడీ సర్దుకుని ఇంతకాలం అడగరేంటండి అన్నాడు. సొంత సామాను స్టోరుగదిలో ఉంది గనక మోటారు మెకానిక్కు దగ్గర రెంచీలు అరువు తెచ్చాడు. మురుగుకాలవలోంచి పోయే గొట్టం అతుకు ఊడి ఉంది. తీసి కొత్తది వేశాడు. మధ్యాహ్నానికల్లా వీధిలో కొళాయిలన్నీ కాసేపు దగ్గి, ఉమ్మి, తెల్లటి నీళ్లు వదిలాయి. జనం బిందెలు పట్టుకుని, తాగకుండా ముందు వాటికేసి చూస్తూ నిలబడ్డారు.

అంతటితో గుట్టుగా సాగిపోయేదే గానీ, ఎదురింటి రంగనాయకమ్మ గారికి మంచి మర్యాద తెలుసు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి, నీళ్లు బాగా వస్తున్నాయి నాయనా, మీరు చల్లగా ఉండాలని దీవించింది. ఆ దీవెన విన్న కమిషనర్ గారి మొహం కత్తివేటుకు నెత్తురు చుక్క లేనట్టయింది. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. పురస్కారానికి మూడు రోజుల ముందు బంగారం లాంటి ఫిర్యాదును ఎవరో పొట్టన పెట్టుకున్నారన్నారు. ఇంతలో పరిశీలక బృందం తమకు గురువారం వేరే ఊళ్లో సన్మానం ఉందని ముందుగానే, అంటే ఆ రోజే, వచ్చేస్తున్నట్టు కబురొచ్చింది.

“సదరు వీధిలో యథాపూర్వ స్థితిని తక్షణం పునరుద్ధరించండి,” అన్నారు కమిషనర్ గారు.

ఏఈ పాండురంగానికి అర్థమైంది. పునరుద్ధరించాలంటే పగలగొట్టాలి. ఈ పనికి అంచనా వేయలేదు, టెండరు పిలవలేదు, పైవాళ్లకు రాయలేదు, ఎవరూ ఎవరికీ గుర్తుచేయలేదు. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి గునపాలతో మనుషులూ మట్టి తీసే బండీ ఏఈతో సహా పూసలవారి వీధిలో ఉన్నారు. ఒక పని చేయాలనుకుంటే రేవుపాలెం పురపాలక సంఘం ఎంత చురుగ్గా చేయగలదో ఊరు కళ్లారా చూసింది ఆ రోజే.

దమయంతి సెలవు పెట్టి భర్తను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొస్తోంది. ఆటో వీధి మొదట్లోకి రాగానే గొయ్యి కనబడింది. లోవరాజు వేసిన కొత్త అతుకు మీద గునపం మొన ఆనించి పెట్టి ఒకడు నిలబడ్డాడు. ఆవిడ ఆటో దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోతిలోకి దిగిపోయింది. గునపం ఉన్నవాడు జడుసుకుని వెనక్కి జరిగాడు.

“పైకి రండి మేడమ్,” అన్నాడు పాండురంగం. “నాకు మాత్రం ఇష్టమా? పైనుంచి ఆర్డరు.”

“మీకు కావలసింది మురుగునీళ్లా, మురుగునీళ్లు వస్తున్నాయన్న మాటా? ఆ బృందం వచ్చి ఈ నీళ్లు తాగుతారా?”

పాండురంగం ఆలోచించాడు. బృందంలో ఎవరూ ఏ ఊళ్లోనూ ఏ నీళ్లూ తాగలేదు. సొంత సీసాలు తెచ్చుకుంటారు. వీధిలోకి కూడా రారు, ఛాంబర్లో కూర్చుని ఫిర్యాదుదారుకు ఫోన్ చేస్తారు, అంతే. ఆయన పక్కకెళ్లి కమిషనర్ గారికి ఫోన్ చేసి చాలాసేపు గుసగుసలాడి వచ్చాడు. ఫిర్యాదుదారు స్వయంగా తన అసంతృప్తిని ధ్రువీకరించిన పక్షంలో, గొట్టం యథాతథంగా ఉండటానికి కమిషనర్ గారికి అభ్యంతరం లేదట. ధ్రువీకరించకపోతే మాత్రం గునపం. బృందం ఇప్పుడే ఛాంబర్లోకి వచ్చిందట, ఫోన్ వచ్చేస్తుందట.

దమయంతి ఆటోకేసి చూసింది. ప్రపంచంలో ఇంతమంది ఉండగా ఆ అబద్ధం ఆడాల్సింది జోగారావు.

ఆయన దిగి, ఆటో పట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. రంగనాయకమ్మ గారు కుర్చీ తెచ్చి వేసి, నీరసంగా ఉన్నావు నాయనా అంటూ గ్లాసుతో కొళాయి నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన గ్లాసు వెలుతురుకెత్తి చూశాడు. అవతలివైపు దమయంతి మొహం, ఆవిడ వెనక గునపం పట్టుకున్నవాడి మొహం, నీళ్లలోంచి స్పష్టంగా కనబడ్డాయి. ఒక గుక్క తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏవండీ,” అని గోతిలోంచి దమయంతి సంగతంతా చెప్పింది. “మీరు నిజం చెప్తే ఇది పగలగొడతారు.”

“నిజం చెప్తేనా?” అన్నాడాయన. మళ్లీ అడిగాడు, “నిజం చెప్తేనే?”

ఆవిడ తలూపింది. ఇంతలో జోగారావు జేబులో ఫోన్ మోగింది. పాండురంగం చొరవగా దాన్ని తీసి, అందరికీ వినబడేట్టు నొక్కి, కుర్చీ చేతి మీద పెట్టాడు. గునపం ఉన్నవాడు మళ్లీ ముందుకొచ్చి నిలబడ్డాడు. వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు.

అవతల గొంతు చాలా నిండుగా ఉంది. తాము రాష్ట్రస్థాయి పరిశీలక బృందమని, మీ ఫిర్యాదు విషయంలో పురపాలక సంఘం చూపిన నిరంతర శ్రద్ధకు ముగ్ధులమయ్యామని, నియమం ప్రకారం ఒక్క ప్రశ్న అడగవలసి ఉందని చెప్పింది. మీ కొళాయిలో మురుగునీళ్లు ఇంకా వస్తున్నాయా, లేక దురదృష్టవశాత్తూ ఆగిపోయాయా?

జోగారావు గ్లాసుకేసి చూశాడు. మావగారికి టికెట్టు కొట్టిన రోజున కూడా ఆయన గొంతు వణకలేదు.

“వస్తున్నాయండి,” అన్నాడు. “బాగా వస్తున్నాయి.”

“చాలా సంతోషం. ఫాలో అప్ కొనసాగిస్తాం. ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా?”

“మీరు మాత్రం ఇటు రాకండి బాబూ. ఫోన్ చేస్తూ ఉండండి.”

అవతల చప్పట్లు వినబడ్డాయి. పాండురంగం మనుషులకు సైగ చేస్తే గునపాలు బండిలో పడేసి గొయ్యి పూడ్చడం మొదలుపెట్టారు. దమయంతి ఎవరో అందించిన చెయ్యి పట్టుకుని పైకొచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. గ్లాసులో మిగిలిన నీళ్లు చివరి చుక్కదాకా తాగేసి, నోరు పుక్కిలించుకోవడానికి ఇంకో గ్లాసు ఇమ్మన్నాడు.